ఫుల్ ఎక్స్‌పాత్ వద్దు, బటన్‌ని పేరు పెట్టి పిలవండి

సెలీనియం అమీర్‌పేటలో నేర్చుకున్నా, యూట్యూబ్‌లో నేర్చుకున్నా చాలామందికి అలవాటయ్యే షార్ట్‌కట్ ఒకటుంది. క్రోమ్‌లో రైట్ క్లిక్, ఇన్‌స్పెక్ట్, 'కాపీ ఫుల్ ఎక్స్‌పాత్', కోడ్‌లో పేస్ట్. టెస్ట్ పాస్!

ఎన్నాళ్లు? ఆ ఎక్స్‌పాత్ చెప్పేది 'మూడో డివ్‌లో రెండో డివ్‌లో ఉన్న బటన్' అని మాత్రమే. రేపు పైన ఓ ఆఫర్ బ్యానర్ పెడితే లెక్క మారిపోతుంది. టెస్ట్ ఫెయిలైతే నయమే. అదే నంబర్‌లో ఇంకో బటన్ ఉంటే దాన్ని నొక్కేసి ముందుకెళ్లిపోతుంది.

నా ఓటు రోల్‌కి, పేరుకి. ప్లేరైట్‌లో 2022లో వచ్చిన గెట్‌బైరోల్‌తో "'చెల్లించండి' అనే బటన్" అని అడిగితే చాలు. సెలీనియంలో నేరుగా ఇలాంటి లొకేటర్ లేదు కానీ, బటన్ టెక్స్ట్‌తోనో ఏరియా-లేబుల్‌తోనో చిన్న ఎక్స్‌పాత్ రాసుకోవచ్చు.

ఇందులో అసలు విషయం వేరే ఉంది. చూపు లేనివాళ్లకి టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ చదివి వినిపించేది కూడా ఆ పేరునే. కార్ట్ బటన్‌లో ఒట్టి ఐకాన్ పెట్టి వదిలేస్తే నా టెస్ట్‌కి అది దొరకదు. ఫోన్ పట్టుకున్న ఆ యూజర్‌కి 'బటన్' అని వినిపిస్తుందేమో గానీ, అది దేనికో తెలీదు. అందుకే డేటా-టెస్ట్‌ఐడీ అన్నిచోట్లా పెట్టేయడం నాకు నచ్చదు. పేరు లేని బటన్‌ని కూడా అది హ్యాపీగా పాస్ చేసేస్తుంది. సైట్ తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లకి మారుతుంటే పేర్లు కూడా మారతాయి, నిజమే. అప్పుడు ట్రాన్స్‌లేషన్ ఫైల్ నుంచే పేరు తీసుకోండి. అదీ కుదరకపోతే టెస్ట్‌ఐడీ.

ఇక క్లిక్. థ్రెడ్ స్లీప్ 5 సెకన్లు పెట్టే రోజులు పోవాలి, వెయిట్స్ ఉన్నాయి కదా. నాకు ఇంతకంటే చిరాకు తెప్పించేది జావాస్క్రిప్ట్ క్లిక్. కుకీ బ్యానర్ అడ్డొచ్చి 'క్లిక్ ఇంటర్‌సెప్టెడ్' ఎర్రర్ రాగానే కొందరు దానికి దిగిపోతారు. బ్యానర్ కింద ఉన్న బటన్‌ని యూజర్ వేలు నొక్కలేదు, మీ స్క్రిప్ట్ మాత్రం నొక్కేస్తుంది. చిన్న స్క్రీన్‌లో ఆ బ్యానర్ 'చెల్లించండి'ని పూర్తిగా కప్పేసినా మీ రిపోర్ట్‌లో పచ్చ టిక్కే కనిపిస్తుంది. ఆ ఎర్రర్ వస్తే ముందు బగ్ రాయండి.