లెక్కకు రానివారు లేనివారు కారు

లినక్సు పంపిణీ యనునది పలువురు వ్రాసిన వేలకొలది ప్యాకేజీలను ఏరి కూర్చి ప్రజలకు ఉచితముగా నొసగు భాండాగారము. అందు దేనికి చోటీయవలెను, దేనిని త్రోసివేయవలెను, ఎవ్వరు నిర్ణయింపవలెను అనునవి సామాన్య ప్రశ్నములు కావు. మన భాష కంప్యూటరులో బ్రతుకుట దీనిపై నాధారపడి యున్నది.

ఎక్కువమంది వాడునవే యుండవలెననియు, తెలుగు ప్యాకేజీలను వాడువారు కొందరే గాన వానిని తీసివేసిన భారము తగ్గుననియు నొక వాదము గలదు. ఇది విచారణకు నిలువదు. డెబియను పంపిణీలో వాడుకను లెక్కించు సాధన మొకటి యున్నది. అది తమంత తాము సమ్మతించి వివరములు పంపువారిని మాత్రమే లెక్కించును. అచ్చంపేట పాఠశాలలోనో దేవరకొండ పఠనమందిరములోనో యున్న యంత్రము ఆ లెక్కకెక్కునా? అక్షరములు లేని యంత్రమును తెలుగువాడు వాడడు. వాడడు గనుక లెక్కకు రాడు. లెక్కకు రాడు గనుక అక్షరము లీయరు! ఇదేమి న్యాయము?

ఈ న్యాయము మనకు క్రొత్తది కాదు. తెలంగాణమున కవులు పూజ్యమన్న మాటకు పాలమూరు సీమవారగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులు చెప్పిరి. కవులు లేకపోలేదు, వెదకినవారు లేకపోయిరి. నేడు ఆ మహనీయుని పేర వెలసిన తెలుగు ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుతో డెబియను భాండాగారమున చేరియున్నది.

పని జరిగిన చాలును, లైసెన్సుతో మనకేమి యనువారును గలరు. ఎవ్వరైనను వాడుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు వీలులేనిదానికి ప్రధాన విభాగమున చోటులేదని డెబియనువారు 1997లోనే నియమము చేసికొనిరి. 2022లో వారే ఓటువేసి, యంత్రభాగములను నడపు స్వేచ్ఛలేని ఫర్మువేరును స్థాపనసాధనములో చేర్ప నొప్పుకొనిరి. అయినను దానిని వేరు విభాగముననే యుంచిరి. యంత్రమే నడువనిచో తక్కినది వ్యర్థము గాన దీనిని మేమాక్షేపింపము. భాషకు మాత్రము ఇట్టి మినహాయింపు పనికిరాదు. ఒక కంపెనీ సొంత సంకేతములతో టైపుచేసిన పుస్తకము ఆ ఫాంటు లేనిచోట అర్థము లేని గీతలగుట డి.టి.పి. దుకాణమునకు పోయినవారందరు నెరుగుదురు. మన వ్రాతకు తాళమువేసి తాళపుచెవి నొరుల కిత్తుమా?

కావున మా యభిప్రాయ మిది: మొదట లైసెన్సును, పిదప ప్యాకేజీని సాకువారున్నారా యనుటను, అటుపిమ్మట ప్రజావసరమును చూడవలెను. వాడుకసంఖ్య కడపటిది. సాకువారు లేని ప్యాకేజీని డెబియనువారు అనాథ యందురు. ఆ నింద యితరులది కాదు, మనదే. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమునందును, పాలమూరు విశ్వవిద్యాలయమునందును చదువు యువకులు తలకొక తెలుగు ప్యాకేజీ భారమును వహింపలేరా? ఏరువారిలో మనవారు లేనంతకాలము మన యక్షరములు ఒరుల దయపై నుండును. యువకులారా! యాచన మాని పనికి పూనుడు.