పరజలు తిరిగి వెళ్ళే వేళ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. కొల్లేటిలో చలితోపాటు పోయేవి మరికొన్ని ఉన్నాయి. రథసప్తమి దాటి, ఈశాన్యపు గాలి సద్దుమణిగి, పైరగాలి తిరిగేసరికి, నాలుగైదు మాసాలుగా సరస్సులో మేసిన పరజలు గుంపులు గుంపులుగా లేచి ఉత్తరదిక్కుకు సాగిపోతాయి. సాయంత్రం నల్లగా పక్షులతో కప్పుకొని ఉన్న నీరు తెల్లవారేసరికి బోసిగా కనిపిస్తుంది. వీటి ప్రయాణం చాలావరకు రాత్రిపూటనే గనుక వెళ్ళడం కళ్ళారా చూసినవారు తక్కువ. చీకట్లో నెత్తిమీదుగా రెక్కల చప్పుడు విని, 'పోతున్నాయి' అనుకోవడమే.

వచ్చినప్పుడున్న సందడి పోయేటప్పుడు ఉండదు. కార్తీకంలో పత్రికల్లో బొమ్మలు పడతాయి, 'విదేశీ అతిథులు' అని శీర్షికలు కనిపిస్తాయి, కైకలూరు పక్కనున్న ఆటపాకలో పడవ షికార్లు జోరందుకొంటాయి. అక్కడ కొయ్య మంచెలమీదా చెట్లమీదా గూళ్ళు కట్టే గూడబాతుల్ని చూపించి సైబీరియానుంచి వచ్చాయని చెప్పడం ఒక అలవాటయింది. అది నిజం కాదు. గూడబాతు ఈ దేశపు పక్షే, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. హిమాలయాలు దాటి వచ్చేది ఒడ్డునుంచి దూరంగా, లోతులేని నీళ్ళలో మేసే చిన్న పరజ. దాని తోక సూదిలా ఉంటే సూదితోక, మూతి గరిటెలా ఉంటే తెడ్డుమూతి, కంటిపైన తెల్లటి గీత ఉంటే మరొక జాతి. వీటి పుట్టిళ్ళు సైబీరియాలో, మధ్య ఆసియాలో, మంగోలియా సరస్సుల ఒడ్డున ఉన్నాయి. తలమీద రెండు నల్లని పట్టెలున్న పెద్దబాతు కొల్లేటిలో అరుదు. ఒడిశాలోని చిలకలో ఎక్కువగా దిగుతుంది. ఆ బాతుకు పరికరం కట్టి పరిశీలించిన శాస్త్రజ్ఞులకు అది ఏడువేల మీటర్లకు పైబడిన ఎత్తున ఎగిరిన సందర్భం కూడా కనిపించింది. మనిషికి ఊపిరి అందని చోట అది రెక్కలాడిస్తూ పోతుంది.

ఈ పక్షుల సంసారంలో మరో విశేషం ఉన్నది. జత కుదరడం చాలావరకు చలికాలంలో, అంటే మనవద్ద ఉన్నప్పుడే జరుగుతుంది. మాఘమాసానికి మగపక్షులు కొత్త ఈకలతో నిగనిగలాడుతూ ఉండటం అందుకే. తిరుగు ప్రయాణంలో ఆడపక్షి తాను పుట్టిన చోటికి పోతుంది, మగపక్షి దాని వెంట నడుస్తుంది. పెళ్ళిచూపులు కొల్లేటిలో, కాపురం అత్తవారింట. ఇల్లరికపు అల్లుళ్ళన్నమాట!

వేల మైళ్ళ ప్రయాణానికి కావలసిన కొవ్వును ఈ పక్షి బయలుదేరబోయే ముందు కొద్ది వారాల్లోనే ఒంటికి పట్టించుకొంటుంది. గడ్డి విత్తనాలు, నీటిమొక్కల దుంపలు, పురుగులు, చిన్న నత్తలు దాని ఆహారం. మునిగి వెతికే జాతి కాదిది. తల నీటిలో ముంచి తోక పైకెత్తి మెడ అందినంత లోతులోనే మేస్తుంది. జానెడు, మూరెడు లోతు నీళ్ళు, వాటిలో కలుపు, చుట్టూ బురద ఉంటేనే దానికి మేత. ఇక్కడ కడుపు నిండకపోతే అక్కడికి చేరినా నీరసంగా చేరుతుంది, గుడ్లు తగ్గుతాయి. కనుక పక్షులు వచ్చే కార్తీకం ఎంత ముఖ్యమో, అవి పోయే మాఘ ఫాల్గుణాలు అంతకంటె ముఖ్యం.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొల్లేరు వాటికి కరవు ప్రాంతమవుతున్నది. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరులలో నీరు సన్నగిల్లుతుంది. దాళ్వా చేలనుంచి దిగే నీరు ఎరువులను, పురుగుమందులను వెంటబెట్టుకొని వస్తుంది. వేసవి ముదిరేకొద్దీ ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు పైకి ఎక్కుతుంది. మిగిలిన నీరు చేపల చెరువుల గట్ల మధ్య నిలుస్తుంది. ఆ చెరువులు ఐదారు అడుగుల లోతు, గట్టు నిటారు, కలుపు మచ్చుకైనా ఉండదు. పరజకు అది నీరే గాని ఆహారం కాదు. పైగా చేపపిల్లల్ని తింటాయన్న భయంతో కొంగలనూ నీటికాకులనూ తోలడానికి టపాకాయలు పేలుస్తారు. చేపల జోలికే పోని పరజ కూడా ఆ శబ్దానికి లేచి, తిన్న తిండి రెక్కలకే ఖర్చుచేసుకొంటున్నది.

కొల్లేటికి రక్షణ లేదని ఎవరూ అనలేరు. ఐదవ కాంటూరువరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒడంబడికలో అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేల అయింది. 2006లో పొక్లెయిన్లు దింపి, గట్లు తెగ్గొట్టారు. రెండేళ్ళకే, 2008లో, అభయారణ్యాన్ని మూడవ కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ తరువాత వచ్చిన అజీజ్ సంఘం కుదింపు కూడదని చెప్పింది. ఈ మధ్యలో తెగిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. గీత ఎక్కడ ఉండాలన్న వాదంలో పడి, గీత లోపల నీరెంత ఉన్నదో చూసేవారు కరవయ్యారు.

ఇందులో పేదలను దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. 1970వ దశకంలో సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమే. ఆ తరువాత లీజుల పేరిట లాభం ఎవరి చేతికి పోయిందో కొల్లేటి లంకల్లో ఎవరిని అడిగినా చెబుతారు. జిరాయితీ భూములున్నవారికి నష్టపరిహారం ఇచ్చి తీరాలి. మావులతో, వలలతో బ్రతికే సంప్రదాయ మత్స్యకారుడికీ పరజకూ తగవు లేదు. ఇద్దరికీ కావలసింది పారే నీరు, గట్లులేని సరస్సు.

వేట మాట వేరు. వలలు పన్ని, గింజలకు విషం కలిపి పరజలను పట్టి చాటుమాటుగా అమ్మడం పాత జాడ్యం. విషం తిన్న పక్షి మాంసం కొనేవాడు తన ఇంటిల్లిపాదికీ ఏమి వండుతున్నాడో ఆలోచించడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి సాధారణ ఉల్లంఘనలకు జరిమానాను 25 వేలనుంచి లక్ష రూపాయలకు పెంచారు. మూడేళ్ళదాకా జైలు కూడా ఉన్నది. బురదలో రాత్రిపూట పడవ వేసుకొని తిరిగే కాపలా లేకపోతే ఆ అంకెలు కాగితంమీదనే ఉంటాయి.

అటవీశాఖ ఈ రెండు మాసాల్లో గస్తీని పెంచాలి. పర్యాటకుల ఇంజను పడవలను మేత స్థలాలకు దూరంగా నడపాలి. గట్లు తెగిన చోట్ల తిరిగి కట్టనివ్వకుండా లోతులేని నీరు నిలిచేటట్లు జలవనరులశాఖతో కలిసి చూడాలి. ఉప్పుటేరుపై రెగ్యులేటర్ల మాట ఏళ్ళ తరబడి వినబడుతూనే ఉన్నది. అది ఎంతవరకు వచ్చిందో జిల్లా ప్రజలకు తెలియజేయవలసిన బాధ్యత అధికారులకున్నది. ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది. దానితో సరిపెట్టుకోక, మార్చిలో మరొకసారి లెక్కిస్తే ఎన్ని పక్షులు చివరిదాకా మేత దొరికి నిలిచాయో, ఎన్ని ముందే లేచిపోయాయో బయటపడుతుంది. ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. కళాశాలల విద్యార్థులు, నాలుగు దుర్భిణులు, సరస్సు ఆనుపానులు తెలిసిన లంకవాసులు చాలు.

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు కొల్లేటికోట జనంతో నిండుతుంది. సర్కారు కాలువ ఒడ్డున ఒక దుర్భిణి నిలబెట్టి, పక్కన తెలిసిన మనిషిని ఉంచితే, అమ్మవారి దర్శనానికి వచ్చినవారు పరజలను కూడా చూసి వెళతారు. తెడ్డుమూతులు, కంటిమీద తెల్లగీతవి అందరికంటె ఆఖరున, ఏప్రిల్‌దాకా ఆగి వెళతాయి గనుక ఈ ఏటినుంచే మొదలుపెట్టడానికి వ్యవధి ఉన్నది.