చిగుళ్ళ రక్తమూ, వుజూ సందేహమూ

దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు బాగా పరిచయమున్న ఒక కుటుంబంలోని పెద్దావిడ కొంతకాలంగా ఒక్కో నమాజుకు రెండు మూడుసార్లు వుజూ చేసుకునేవారు. పుక్కిలించిన నీరు ఎర్రగా రావడమే ఇందుకు కారణం. ఉమ్మిలో రక్తానిదే పైచేయి అయి అది ఎర్రబడితే వుజూ భంగమవుతుందని, పసుపు ఛాయ మాత్రమే ఉంటే భంగం కాదని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. ఆమెకు ఈ సంగతి తెలుసు. అందుకే రక్తానికి జడిసి మొదట మిస్వాక్ మానేశారు. తరువాత బ్రష్‌ను సైతం పైపైన తిప్పి ఊరుకోసాగారు. రక్తం మాత్రం ఆగలేదు సరికదా, ఇంకా పెరిగింది.

“అమ్మీ, ఒక్కసారి డాక్టరమ్మకు చూపించుకుందాం రండి” అని కోడలు ఎన్నిసార్లు బతిమాలినా, “మిషను పెడితే పళ్ళు కదిలిపోతాయి బేటీ, మా ఆపాకు అలాగే అయింది” అన్నదే ఆమె సమాధానం.

ఈ మాట మన ఇళ్ళలో ఎంత బలంగా నాటుకుపోయిందో మాకు తెలుసు. నిజానికి జరిగేది వేరు. పళ్ళపై పేరుకునే మెత్తని పాచిలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. దానిని ఎప్పటికప్పుడు తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి, అది గట్టిపడి గారగా మారుతుంది. పాచిని మిస్వాక్ తీయగలదు, బ్రష్ తీయగలదు. గారను రెండూ తీయలేవు. ఆ గార చిగురు లోపలికి దిగినకొద్దీ చిగురు వాచి రక్తం కారుతుంది, పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. అప్పటికే వదులైన పళ్ళను ఒకదానితో ఒకటి అంటిపెట్టి నిలిపేది కూడా ఒక్కోసారి ఆ గారే! దానిని తీసివేయగానే కదలిక బయటపడుతుంది, నింద మిషను మీద పడుతుంది. పాపం, ఆ ఆపా విషయంలోనూ ఇదే జరిగి ఉంటుందని మా అనుమానం.

స్కేలింగ్ పరికరం పంటిని అరగదీయదు. దాని మొన సెకనుకు వేల సార్లు కంపిస్తూ గారను పెళ్ళలుగా విడగొడుతుంది, వెంట వచ్చే నీరు దానిని కడిగివేస్తుంది. తరువాత కొద్ది రోజులు చల్లని నీరు తగిలితే జివ్వుమనడం, పళ్ళ మధ్య సందులు ఏర్పడినట్లు తోచడం సహజమే. ఆరోగ్యవంతమైన చిగురుకూ పంటికీ మధ్య లోతు మూడు మిల్లీమీటర్లకు మించదు. అంతకన్నా బాగా లోతుంటే మత్తు ఇచ్చి, చిగురు కింద వేరు వరకూ శుభ్రం చేయవలసి రావచ్చు. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గుండె కవాటాలకు చికిత్స పొందినవారు, గర్భిణులు ఆ విషయం ముందే చెప్పాలి. ముఖ్యంగా మధుమేహం చిగుళ్ళ వ్యాధిని పెంచుతుంది. చిగుళ్ళ వ్యాధి చక్కెరను అదుపు తప్పిస్తుంది. మన పెద్దావిడకు రెండూ ఉన్నాయి.

అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా ఇది అని కొందరు అడుగుతుంటారు. అందం కోసం పళ్ళను అరగదీసి సందులు చేయించుకోవడాన్ని హదీసులు ఖండించాయి. గార తీయించుకోవడం అలాంటిది కాదు, శుభ్రతే. అనుచర సమాజానికి భారమవుతుందన్న ఆలోచన లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను విధిగా చేసి ఉండేవారమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేసినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఇక ఉపవాసం సంగతి. గొంతులోకి చేరినదానిని మింగకుండా జాగ్రత్తపడితే పళ్ళు శుభ్రం చేయించుకోవడం వల్ల రోజా భంగం కాదని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1997లో తీర్మానించింది. అయినా నోటినిండా నీరు చిమ్మే పని కనుక, ఇఫ్తార్ తరువాతో, రమజాన్‌కు ముందో చేయించుకోవడమే మేలని మేమంటాము.

ఖర్చుకు వెనుకాడేవారికి దంత వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లోనే పాణినీయ దంత వైద్య కళాశాల ఉంది. ఎల్.బి.నగర్ నుండి మెట్రోలో ఎం.జి.బి.ఎస్. స్టేషన్‌లో దిగితే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల దగ్గరే. ఇలాంటి చోట్ల అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు, అందుకే కాస్త ఆలస్యమవుతుంది. పర్దా పాటించే స్త్రీలు మహిళా డాక్టరు కావాలని ముందుగా అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఈ వృత్తిలో ఇప్పుడు ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. రోడ్డు పక్కన ఏదో ద్రావకం రుద్ది పళ్ళను తెల్లగా మెరిపిస్తామనేవారి జోలికి మాత్రం వెళ్ళవద్దు. అది గారను తీయడం కాదు, పంటి పైపొరను తినివేయడం.

చివరకు ఆ పెద్దావిడ కోడలి వెంట వెళ్ళారు. రెండు విడతలుగా శుభ్రం చేశారు. కింది వరుసలోని ఒక ముందు పన్ను అప్పటికే నిలబడే స్థితిలో లేదు, దానిని తీసివేయక తప్పలేదు. కరిగిన ఎముక మునుపటిలా తిరిగి రాదని, ఏడాది ముందు వచ్చి ఉంటే ఆ పన్ను దక్కేదేమోనని డాక్టరమ్మ అన్నారట. ఆ మాటకు ఆమె చాలాసేపు మౌనంగా ఉండిపోయారని కోడలు మాతో చెప్పింది. ఇప్పుడు మిస్వాక్ మళ్ళీ వాడుతున్నారు. ఫజ్ర్‌కు వుజూ ఒక్కసారే చేసుకుంటున్నారు.