బోరు మోటారుకు ఎర్తు ఉందా?

హాస్టల్ అనగానే మనం మెనూ గురించి, దుప్పట్ల గురించి, కాస్మెటిక్ చార్జీల గురించి మాట్లాడతాం. బోరు మోటారుకు ఎర్తింగ్ సరిగా ఉందా అని అడిగేవారు అరుదు. కంభం చెరువు గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, తెల్లవారుజామున మనం బకెట్లతో నిలబడేది బోరు నీళ్ళ దగ్గరే కదా!

"మోటారు నీళ్ళలోనే ఉంది, దానికి వేరే ఎర్తు ఎందుకు?" అనేవాళ్ళున్నారు. నీళ్ళలో ఉన్నది మోటారు. తడిచేత్తో మనం ముట్టుకునేది పైనున్న ఇనుప పైపును, స్టార్టర్ డబ్బాను. లోపల వైండింగ్ కాలి ఫేజు బాడీకి తగిలితే కరెంటు ఆ పైపు వెంటే పైకి వస్తుంది. డబ్బా జివ్వుమంటోందని చెబితే "చెప్పులేసుకుని వెయ్యి" అనడం జవాబు కాదు.

ఎర్తు గుంత ఉంటే చాలని కూడా అనుకోవద్దు. మనది పలకరాయి నేల. ఎండాకాలంలో గుంత ఎండిపోతే దాని నిరోధం బాగా పెరుగుతుంది. 40 ఓములు ఉందనుకోండి. 230 వోల్టులను 40తో భాగిస్తే 6 ఆంపియర్లు కూడా రావు. 15 ఆంపియర్ల ఫ్యూజు ఎలా పోతుంది? ఫ్యూజు పోదు, పైపులో కరెంటు అలాగే ఉంటుంది. పదో తరగతి తమ్ముళ్ళు చదివే ఓమ్ సూత్రమే ఇది. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండల్లో నీళ్ళు పోస్తుండాలి. కొందరు పని తేలికని న్యూట్రల్‌నే తెచ్చి బాడీకి కట్టేస్తారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే బాడీ మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది.

ఎర్తుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరిగా ఉండాలని నా అభిప్రాయం. అంత కొద్ది కరెంటు దారి తప్పినా సెకనులో మూడోవంతు లోపే అది లైను కట్ చేస్తుంది. వార్షికోత్సవానికి షామియానా వేయించగలిగిన మనకు అది భారం కాదు. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేసేవాళ్ళూ ఉన్నారు. పడిపోతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందనే అనుమానించాలి.

దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకోసారి వార్డెన్ గారి ఎదుట నొక్కించాలి. దానితో బ్రేకరు సంగతి తెలుస్తుంది గానీ గుంత సంగతి తెలియదు. గుంతను ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టరుతో కొలిపించాలి. అదీ వానలు పడ్డాక కాదు, సెలవులకు ముందు, నేల బాగా ఎండిన ఏప్రిల్‌లో.