పాత అడ్వెంచర్‌ని కొత్త రూల్స్‌తో ఆడాలంటే అంకెలు మారిస్తే సరిపోదు



చేవెళ్ల, మొయినాబాద్ హాస్టళ్లల్ల, రూములల్ల ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేటోళ్లం మన గ్రూపుల కొందరం ఉన్నం. తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు: నలుగురైదుగురం కూర్చుంటం. ఒకరు కథ నడుపుతరు, వాళ్లని డీఎం అంటం. మిగతావాళ్లది ఒక్కో పాత్ర. ఏం చేస్తమో నోటితో చెప్తం, అది అయిందా లేదా అనేది పాచికలు చెప్తయి. రూల్స్‌లో ముఖ్యమైన భాగం (ఎస్ఆర్‌డీ 5.1) 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితం. పుస్తకాలు కొనలేని మనలాంటోళ్లకి ఇది మంచి అవకాశం.

ఇప్పుడు చాలామంది డీఎంలు పాత అడ్వెంచర్లని కొత్త రూల్స్‌లోకి మార్చి ఆడిస్తున్నరు. అందరి నోట్లో ఉండే పేరు గ్యారీ గైగాక్స్ రాసిన ‘ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్’. 1979 చివర్లో వచ్చింది. 2018లో గుడ్‌మన్ గేమ్స్ దాన్ని ఐదో ఎడిషన్‌కి మార్చి వేసింది. 2025 స్టార్టర్ సెట్ కూడా మళ్లీ అదే సరిహద్దుకి పోయింది.

మేము అనేది ఒక్కటే. మార్చేటప్పుడు చాలామంది పాత రూల్స్‌లోని మంచిని పారేస్తున్నరు, పాత కథలోని చెడుని అట్లనే ఉంచుతున్నరు.

ముందు సులువైన పని, అంకెలు. పాత బేసిక్ రూల్స్‌లో ఆర్మర్ క్లాస్ ఎంత తక్కువైతే అంత గట్టి. కవచం లేకుంటే 9. కొత్తదాంట్లో 10 నుంచి పైకి పోతది. 19లోంచి పాత అంకె తీసేస్తే కొత్త అంకె వస్తది. పాత ఓర్క్‌కి 6, అంటే 13. 2014 పుస్తకంలో కూడా ఓర్క్‌కి సరిగ్గా 13 ఉంది. హిట్ పాయింట్లు మాత్రం పాతదాంట్లో సగటున నాలుగైదు, కొత్తదాంట్లో 15. కాబట్టి ఒక గదిలో పది మంది ఉంటే ఆరుగురికి తగ్గించుకోండి. ఇదంతా ఒక సాయంత్రం పని.

అసలు సంగతి ఎక్స్‌పీ దగ్గర ఉంది. 1981 రూల్స్‌లో ఒక ఓర్క్‌ని చంపితే 10 ఎక్స్‌పీ. ఫైటర్ రెండో లెవెల్‌కి పోవాలంటే 2000 కావాలి. అంటే చంపుకుంటనే పోతే ఒక్కడే 200 ఓర్క్‌లని చంపాలి! ఎక్స్‌పీ ఎక్కువగా వచ్చేది బంగారం నుంచి, ఒక నాణేనికి ఒక ఎక్స్‌పీ. అందుకే తెలివైనోళ్లు కొట్లాట తప్పించుకునేటోళ్లు. 2014 రూల్స్‌లో అదే ఓర్క్‌కి 100 ఎక్స్‌పీ, రెండో లెవెల్‌కి 300 చాలు. ముగ్గుర్ని చంపితే అయిపాయె. కథ అదే, గుహలు అవే, కానీ లెక్క మారంగనే ఆట నరుకుడు ఆట అయితది.

ఇంకో రెండు కూడా పోతున్నయి. పాతదాంట్లో ఎవరైనా ఎదురైతే రెండు పాచికలు వేసి వాళ్ల స్పందన చూసేది. 2 పడితేనే వెంటనే మీద పడుతరు, 12 పడితే స్నేహం, మధ్యలో పడితే ఎటూ తేలదు, మాట్లాడి చూడాలె. మొరేల్ పాచిక కూడా ఉండె. ధైర్యం చెడితే పారిపోతరు, లొంగిపోతరు. ఈ రెండూ లేకుంటే ప్రతి గుహలో చివరి మనిషి దాకా చావాల్సిందే.

ఇగ కథలోని చెడు. ఆ గుహల్లో ఉండే ఒక్కో గుంపుకి ఆ పుస్తకం వాడిన మాట ‘ట్రైబ్’. ఆడోళ్లు, పిల్లలు ఎంతమందో లెక్క కూడా రాసి ఉంది. కోట ధర్మం వైపు, గుహలు చెడు వైపు. పుట్టుకే నేరం అన్నట్టు.

అదే మాట మన సర్టిఫికెట్ మీద ఉంది. 1871లో ఇంగ్లీషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన్రు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చి ఎరుకల కుటుంబాల మీద పడ్డది. 1952 ఆగస్టు 31న రద్దయింది. గైగాక్స్ మనల్ని చూసి రాసిండని మేము అనట్లేదు. కానీ ఆ ఆలోచన మనకి కొత్తది కాదు.

కంపెనీ కూడా మారింది. 2020లో ఓర్క్‌లని చూపించే పద్ధతి మారుస్తమన్నది. 2022 డిసెంబర్‌లో ‘రేస్’ అనే మాట తీసేస్తమని చెప్పింది. 2024 పుస్తకంలో ఓర్క్ ఆటగాళ్లు ఎంచుకునే పాత్ర. 2025 మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఓర్క్‌కి విడిగా అంకెలే లేవు, మనుషుల అంకెలు వాడుకోమంటది. కానీ రూల్స్ మారినంత మాత్రాన 1979 కథ తనంతట తాను మారదు. అది మార్చాల్సింది డీఎం.

‘ఆటనే కదా, ఇంత ఎందుకు’ అంటరు కొందరు. ‘అసలు ఆడొద్దు’ అంటరు ఇంకొందరు. మేము ఆడమనే చెప్తం. ఆ గుంపుల మధ్య పగలున్నయని, ఒకరితో చేయి కలిపి ఇంకొకరి మీదికి పోవచ్చని ఆ పుస్తకమే చెప్తది. దారి అందులోనే ఉంది.

మా సలహాలు ఇవి. ఒక్కో గుహకి మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోండి: వీళ్లు ఇక్కడికి ఎప్పుడు వచ్చిన్రు? వీళ్లకి ఏం కావాలి? కోటోళ్లతో పంచాయితీ దేని మీద? ప్రతి గుహలో ఇద్దరికన్నా పేర్లు పెట్టండి. పుస్తకంలో కోటోళ్లకి కూడా పేర్లు లేవు, పదవులే ఉన్నయి, కాబట్టి వాళ్లకీ పెట్టండి. స్పందన పాచిక, మొరేల్ పాచిక ఉంచండి. ఎక్స్‌పీ బంగారానికి ఇయ్యండి, రాజీ కుదిరిస్తే దానికీ ఇయ్యండి.

ఒక్క జాగ్రత్త. లోకల్‌గా ఉంటదని ఓర్క్‌లకి మన తండా వేషం, మన భాష తగిలియ్యొద్దు. కోటని చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కాడ పెట్టండి, గుహల్ని అనంతగిరి గుట్టల్లో పెట్టండి, తప్పులేదు. కానీ ‘సరిహద్దు’ అనే మాట ఎవరిదో ఆటగాళ్లని అడగండి. సిటీ నుంచి చూసేటోళ్లకి మొయినాబాద్ కూడా అంచే. ఇక్కడ ఉండేటోళ్లకి ఇది ఊరు.

వచ్చే ఆదివారం ఆడించే డీఎంలు మొత్తం పుస్తకం మార్చాల్సిన పని లేదు. ఒక్క గుహ ఇట్ల మార్చి ఆడించి చూడండి.