కనబడు, వినబడు

ఈ నెల రెండు క్రియలు నేర్చుకుందాం: కనబడు, వినబడు.

లోర్కా రాసిన స్పానిష్ నాటకం ‘నెత్తుటి పెళ్లి’లో పెళ్లికూతురు పెళ్లిరోజే పాత ప్రియుడితో వెళ్లిపోతుంది. పెళ్లికొడుకు వెంటపడతాడు. కత్తులతో పోరాడి ఇద్దరు మగవాళ్లూ చనిపోతారు. నాటకంలో ఆ పోరు కనబడదు. రెండు కేకలు వినబడతాయి, అంతే.

1981లో కార్లోస్ సౌరా దీన్ని ఫ్లమెంకో నృత్య సినిమాగా తీశాడు. నృత్యం కూర్చింది ఆంటోనియో గాదెస్. ప్రియుడి వేషమూ ఆయనదే. ఇందులో పోరు కనబడుతుంది. కానీ అప్పటిదాకా వినబడిన పాట, గిటారు, చప్పట్లు ఇక వినబడవు. ఇద్దరూ చాలా మెల్లగా కదులుతారు. అది కెమెరా మాయ కాదు, ఒంటి మీద అదుపు.

కేకల కన్నా ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది. మీకో? సినిమా చూసి, ఒక్కో క్రియతో ఒక్కో వాక్యం రాయండి.