బిగుతు నిక్కరూ... చార్మినార్ చౌరస్తా!

హీరోయిన్ టైట్ డ్రెస్సులో తెర మీదికి రాగానే ఈల వేసిన పాఠక మిత్రులందరికీ ముందుగా ఓ నమస్కారం. ఆ ఈల వేసినవాళ్ళలో మీ కాలమిస్టూ ఉన్నాడు మరి! ఈలతో ఊరుకోకుండా, అలాంటి ఫొటోల కింద వ్యాఖ్యలు రాసి డబ్బులు కూడా పుచ్చుకున్నాడు. "కుర్రకారు గుండెల్లో గుబులు" అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్కే లేదు.

ఇన్నాళ్ళకి ఆ గుబులు నా వంతుకొచ్చింది.

ఆదివారం తెల్లవారుజామున సైకిళ్ళ మీద గుంపుగా చార్మినార్ దాకా వెళ్ళి, ఇరానీ చాయ్ తాగి రావడం మన హైద్రాబాద్ సైకిలిస్టులకి సరదా. నేనూ మామూలు ప్యాంటుతోనే వాళ్ళ వెంట పడ్డాను. పడ్డానంటే నిజంగానే పడ్డాను... ప్యాంటు అంచు చైన్లో ఇరుక్కుని! 1989లో 'శివ' సినిమాలో నాగార్జున సైకిల్ చైన్ లాగినప్పట్నుంచీ మనకది హీరోగారి ఆయుధం. కానీ చైన్ ముందు పట్టుకునేది రౌడీని కాదు సార్, ప్యాంటుని! బెల్‌బాటమ్ రోజుల్లో సైకిలు తొక్కిన తాతయ్యల్ని అడగండి. కాలికి క్లిప్పు పెట్టుకునే వారో, అంచు మేజోళ్ళలో దోపుకునేవారో చెబుతారు.

గుంపులో ఒకాయన జాలిపడి, "అసలు డ్రెస్సు కొనేయండి గురూగారూ!" అన్నాడు. కొనేశాను.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి తొడుక్కున్నాను. తొడుక్కోవడం అని తేలిగ్గా అనేశానుగానీ, దిండుకి రెండు సైజులు చిన్న గలీబు ఎక్కించినట్టే ఆ వ్యవహారం. నల్లటి నిక్కరు, తొడల్ని పట్టేసి మోకాలి పైన ఆగింది. లోపల, సరిగ్గా కూర్చునే చోట, మెత్తటి స్పాంజి దిండు. దాని కింద ఇంకేమీ వేసుకోకూడదట! మొదటిసారి విన్నప్పుడు నేనూ మీలాగే ఉలిక్కిపడ్డాను. లోపలి బట్టల కుట్లు గంటల తరబడి ఒకేచోట రాసుకుంటే చర్మం ఒరిసిపోతుంది, అందుకే అలా. చొక్కాకి జేబులు ముందు ఉండవు, నడుము వెనక ఉంటాయి. ముందుకి వంగి తొక్కేటప్పుడు ఏదీ జారిపోదు. వంగి ఉండేవాడి కొలతలకి కుట్టిన చొక్కా కాబట్టి, నిటారుగా నిలబడితే పొట్ట దగ్గర ముడతలు పడుతుంది.

అద్దంలో చూసుకున్నాను. 1980లో ఎన్టీ రామారావుగారు 'సూపర్ మేన్'గా బిగుతు డ్రెస్సు వేశారు. ఆయనకి చెల్లింది! నాకు మాత్రం అందులో ఇరవై ఏళ్ళుగా తిన్న మిర్చీబజ్జీల వివరాలన్నీ కనిపించాయి.

ఇదంతా ఫ్యాషన్ కోసం పుట్టింది కాదు సుమండీ. ఒకప్పుడు యూరప్ రేసుల్లో ఉన్ని నిక్కర్లు వేసుకునేవారు. వానకి తడిస్తే బరువెక్కి కిందికి వేలాడేవి. లోపల మెత్తటి తోలు ముక్క కుట్టేవారు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కెమిస్టు జోసెఫ్ షివర్స్ 1958లో సాగే దారం కనిపెట్టాడు. అదే లైక్రా. డెబ్భైల నాటికి అది సైకిల్ నిక్కరులోకి వచ్చేసింది. మన హీరోల ప్యాంట్లు అడుగున గొడుగులా విప్పారుతున్న రోజుల్లోనే, అక్కడ రేసుగాళ్ళ నిక్కర్లు చర్మానికి అంటుకుపోతున్నాయన్న మాట!

సినిమా మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 1992 నాటి హిందీ 'జో జీతా వహీ సికందర్' చివర్లో అమీర్ ఖాన్ గెలిచేది సైకిల్ రేసు. ఆ కథ ఛాయల్లోనే 1999లో మన 'తమ్ముడు' వచ్చేసరికి ఆ రేసు కాస్తా కిక్ బాక్సింగ్ అయిపోయింది. పవన్ కళ్యాణ్‌కి అదే నప్పింది, కాదనను. కానీ మన తెర మీద ఒక పెద్ద సైకిల్ రేసు పోయిందన్న బెంగ నాకింకా ఉంది.

సరే, ఆదివారం వచ్చింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర బయలుదేరాం. నారాయణగూడ, కోఠీ, అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదికొచ్చేదాకా ఒక్కరూ నన్ను చూడలేదు. సైకిల్ మీద ఉన్నంతసేపూ ఆ డ్రెస్సు సైకిల్లో భాగమే. మదీనా, పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్... ఎదురుగా చార్మినార్. దిగాను.

దిగడమే పొరపాటు! ఆ స్పాంజి దిండుతో బాతులా నాలుగడుగులు వేశానో లేదో, చాయ్ తాగుతున్నవాళ్ళ కప్పులు గాల్లో ఆగిపోయాయి. 'ఒక్కడు' (2003) కోసం గుణశేఖర్ సెట్ వేయించిన చార్మినార్ అయితే "కట్" అనేవాడైనా ఉంటాడు. ఇది 1591 నాటి అసలు సిసలు చార్మినార్. కట్ లేదు, రీటేక్ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక హెల్మెట్ తీసి పొట్టకి అడ్డం పెట్టుకున్నాను. "క్యా భాయ్, కౌన్సీ సర్కస్?" అని ఓ కుర్రాడు. వాడి పక్కవాడు ఫోన్ తీసి నన్ను క్లిక్ మనిపించాడు. ముందు లాంగ్ షాట్, తర్వాత దగ్గరికొచ్చి క్లోజప్!

మా గుంపులోని ఓ అమ్మాయి చాయ్ కప్పు నా చేతికిస్తూ నవ్వింది. రెండేళ్ళుగా ఇదే డ్రెస్సులో తొక్కుతోందామె. "మీకు ఇవాళ ఒక్కరోజే కదా సార్" అంది. అంతే, ఇంకేం అనలేదు. నేను చాయ్ లో ఉస్మానియా బిస్కెట్ ముంచి, అది కరిగి కప్పులో పడిపోయేదాకా అలాగే పట్టుకున్నాను.

ఆ ఇబ్బందిలోంచి నన్ను గట్టెక్కించింది సైకిల్ మీద బ్రెడ్డు అమ్మే ఓ పెద్దాయన. లుంగీ ఎగగట్టి, క్యారియర్ మీద ఇంత ఎత్తు పెట్టె. నా నిక్కరుకేసి చూసి, "అందర్ క్యా హై మియా, గద్దీ?" అన్నాడు. అవునన్నాను. తన సీటుకి తాడుతో కట్టిన స్పాంజిని తట్టి చూపించాడు. "హమ్ సీటుకు బాంధే, తుమ్ ఖుద్‌కు బాంధ్ లియే!" మేం సీటుకి కట్టుకున్నాం, నువ్వు నీకే కట్టుకున్నావ్ అని! చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. హెల్మెట్ పొట్ట మీంచి తీసి హ్యాండిల్‌కి తగిలించాను.

తిరుగు దారంతా ఒకటే ఆలోచన... ఆ కుర్రాడు నా ఫొటో కింద ఏం రాసి ఉంటాడు?

ఇంటికొచ్చేసరికి టేబుల్ మీద పని ఎదురుచూస్తోంది. ఓ కొత్త హీరోయిన్ స్టిల్, జిమ్ డ్రెస్సులో. రెండు లైన్ల వ్యాఖ్య కావాలి. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ కొట్టేశాను. చివరికి ఆ అమ్మాయి పేరు, సినిమా పేరు, అందులో ఆమెది బాక్సర్ పాత్ర అన్న సంగతి రాసి పంపాను.

పది నిమిషాల్లో ఫోను. "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"